మేకప్ అనే మాట

నిన్న సాయంత్రం తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దుతుంటే ఒక పిల్లవాడి జవాబు దగ్గర పెన్ను ఆగింది. 'మేకప్' అనే క్రియతో సొంతంగా ఒక వాక్యం రాసి, దాని అర్థం తెలుగులో చెప్పమని ప్రశ్న. వాడు 'రాము తన తమ్ముడితో మేడప్' అని ఇంగ్లీషులో వాక్యం సరిగ్గానే రాశాడు. గైడులోది బట్టీ పట్టి ఉంటాడు. కింద తెలుగులో మాత్రం 'రాము, వాళ్ళ తమ్ముడు కలిసి మేకప్ వేసుకున్నారు' అని రాశాడు.

నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయింది. పెన్నుకు మూత పెట్టి, పేపర్లు పక్కకు నెట్టి, కుప్పంలోని ఈ అద్దె ఇంటి వసారాలో చాలాసేపు ఊరికే కూర్చున్నాను. మా నాయన, మా చిన్నాయన గుర్తొచ్చారు.

మాది పుంగనూరు. మా నాయన బోర్డులు రాసేవాడు. అంగళ్ళ పేర్లు, లారీల వెనక అక్షరాలు, గోడల మీద ఎరువుల ప్రకటనలు. ఉగాది దాటి చుట్టుపక్కల ఊళ్ళలో భారతాలు మొదలయ్యాయంటే ఆ కుంచెలు కిరసనాయిల్లో కడిగి అటక మీద పెట్టి, అటక మీది ఇనుప పెట్టెను కిందికి దించేవాడు. భారతమంటే మా వైపు పద్దెనిమిది రోజుల పండగ. మధ్యాహ్నం హరికథ, పొద్దుగూకాక నాటకం. నాటకాల వాళ్ళ మొగాలకు రంగులు వేసే పని మా నాయనది. ఆ ఇనుప పెట్టె మేకప్ పెట్టె. వీధిలో ఎవరైనా "మీ నాయన యాడమ్మా?" అని అడిగితే "మేకప్‌కు పోయినాడు" అని చెప్పేదాన్ని. అది ఇంగ్లీషు మాట అని నాకు చాలా ఏళ్ళు తెలియదు. సంగటి, చెంబు లాగా అదీ మా ఇంటి మాటే అనుకున్నాను.

ఆ పెట్టె మూత తీస్తే వచ్చే వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. కొబ్బరినూనె, కర్పూరం, మాసిన జరీ, గడ్డాలు అంటించే బంక, అన్నీ కలిసిన వాసన. లోపల వరుసగా డబ్బాలు. పసుపుపచ్చగా మెరిసే అర్దళం రంగు డబ్బాను మాత్రం పిల్లలు ముట్టుకోకూడదు, అది విషం. దాని పక్కన ఎర్రరంగు, కాటుక, అన్నిటికంటే పెద్దదైన తెల్లపొడి డబ్బా. ఆ తెల్లపొడిని కొబ్బరినూనెలో కలిపి ముందు మొగమంతా పూసి, ఆ తర్వాతే మిగతా రంగులు వేసేవాడు నాయన.

ఈ సరుకంతా మదనపల్లెలో ఒక శెట్టి అంగట్లో కొనేవాడు. నన్నూ వెంట తీసుకుపోయేవాడు. పసుపు, వక్క, గంధం, సాంబ్రాణి గోనెల మధ్య నుంచి పోతే లోపల గల్లాపెట్టె వెనక పెద్దాయన కూర్చుని ఉండేవాడు. నన్ను చూడగానే సీసాలో చెయ్యి పెట్టి కలకండ ముక్క తీసి ఇచ్చేవాడు. వెనకగదిలో ఆయన కొడుకు పొట్లాలు కట్టేవాడు. మా నాయన వయసే ఉంటుంది ఆయనకు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆ వెనకగది తాళంచెవి ఎప్పుడూ మొలతాడుకు వేలాడుతూ ఉండేది.

మా చిన్నాయన మా ఇంట్లోనే ఉండేవాడు. నాయనకు ఒక్కడే తమ్ముడు. పగలు చెనక్కాయల మిల్లులో పని, భారతాల కాలంలో అర్జునుడి వేషం. మా అవ్వ సంగటి కెలుకుతూ ఆయన గొంతు గురించి వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. "మావోడు తపస్సు మానెక్కి పద్యం ఎత్తుకుంటే అవతలూర్లో మేకలు కూడా మేత ఆపుతాయమ్మా" అనేది. చిన్నాయన సిగ్గుపడి ఊరుబిండి పచ్చడితో సంగటి ముద్ద ఇంకొకటి పెట్టించుకుని తినేవాడు. నా మొగానికి మిగిలిన కాటుకతో మీసాలు దిద్దేది ఆయనే. ఆయన భుజాల మీద కూర్చుని నేను బజారంతా తిరిగిన రోజులున్నాయి.

నాలుగో తరగతిలో ఉండగా, ఉగాదికి ముందు, అమ్మ ఇంటికి సున్నం కొట్టిస్తూ ఉంది. వసారాలో సున్నపు పొడి గోనె మూతి విప్పి ఉంది. పెద్దవాళ్ళందరూ పెరట్లో ఉన్నారు. నేను, పక్కింటి పిల్ల నాటకం ఆడదామనుకుని, సున్నం కొట్టడానికని అటక మీంచి దించి పెట్టిన మేకప్ పెట్టె తెరిచాము. నాయన కొత్తగా తెచ్చిన తెల్లపొడి డబ్బా మంచం మీద పెట్టి మూత లాగితే అది జారి కింద పడింది. సగానికి సగం పేడ అలికిన నేల మీద పోయింది. పక్కింటి పిల్ల పరిగెత్తి వాళ్ళింటికి పోయింది.

నేను ఏడవలేదు. చీపురు తెచ్చి ఊడ్చి కాలువలో వేశాను. డబ్బా చూస్తే సగం ఖాళీ. గోనెలో చూస్తే అదే తెలుపు. టెంకాయ చిప్పతో రెండు చిప్పలు తీసి డబ్బాలో పోసి, వేలితో పైన చదును చేసి, మూత గట్టిగా వేసి, పెట్టెలో యథాస్థానంలో పెట్టాను. చేసిన పని చాలా బాగా చేశాననిపించింది. సాయంత్రం నాయన ఇంటికొచ్చినప్పుడు ఎదురుపోయి సైకిల్ కూడా పట్టుకున్నాను.

ఆ యేటి మొదటి భారతానికి నాయన పాత డబ్బాలో మిగిలిన పొడి వాడాడు. రెండో భారతం వెంకటగిరికోట దారిలో ఒక పల్లెలో. అర్జునుడి తపస్సు రోజు అమ్మ, అవ్వ, నేను కూడా బస్సెక్కి పోయాము.

తపస్సు పగటిపూట జరుగుతుంది. మైదానంలో తాటిచెట్టు కంటే ఎత్తుగా ఒక మాను నాటి, దానికి మెట్లలాగా కర్రలు కొడతారు. అర్జునుడు ఒక్కో మెట్టు ఎక్కుతూ ఒక్కో పద్యం పాడాలి. పైకి చేరాక కిందికి నిమ్మకాయలు, విభూతి పొట్లాలు విసురుతాడు. పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ నేల మీద పడుకుని వాటికోసం చేతులు చాపి ఉంటారు. ఆ పొద్దు ఎంతమంది ఉన్నారో చెప్పలేను. నేల కనిపించలేదు.

ఆ ఊరి బడి వసారాలో నాయన కొత్త డబ్బా తెరిచి నూనె కలిపాడు. నేను పక్కనే ఉన్నాను. "ఏందిరా, ఈ తూరి పొడి గరుకు గరుకుగా ఉండాది" అన్నాడు.

"కొత్త సరుకేమోలే అన్నా. కానియ్యి, పొద్దెక్కతాండాది" అన్నాడు చిన్నాయన కళ్ళు మూసుకుని.

నాకు అప్పటికీ ఏమీ తోచలేదు. నిజం చెప్పాలంటే గోనె సంగతే మరిచిపోయాను.

సగం మాను ఎక్కేదాకా చిన్నాయన గొంతు ఖంగుమంటూనే ఉంది. ఎండ ముదిరింది. చెమట పట్టింది. ఒక పద్యం మధ్యలో ఆగిపోయింది. జనం తలలెత్తారు. ఆయన ఒక చేత్తో మాను పట్టుకుని రెండో చేత్తో చెంప మీద కొట్టుకుంటున్నాడు. కిందికి చూసి, మొగం చూపించి, నాయనకు చేత్తో ఏదో సైగ చేశాడు. నాయన మాను మొదట్లో నిలబడి ఉన్నాడు. చుట్టూ ఆడవాళ్ళు. పెద్దమనుషులు కుర్చీల్లోంచి లేచారు. నాయన చెయ్యెత్తి, పాడు పాడు అని సైగ చేశాడు.

చిన్నాయన పాడాడు. గొంతు పాడైన రేడియోలా ఉంది. పైదాకా ఎక్కాడు. నిమ్మకాయలు విసిరాడు. దిగేటప్పుడు చివరి నాలుగు మెట్లు దిగలేక జారి కింద పడ్డాడు. నీళ్ళతో మొగం కడిగితే రంగుతోపాటు తోలు కూడా ఊడొచ్చింది. ఎడమకన్ను తెరవలేకపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు గోనె. అమ్మ కొంగు పట్టుకుని వెనక నిలబడ్డాను. ఎవరూ నన్ను అడగలేదు. నేను చెప్పలేదు.

పలమనేరు ఆసుపత్రి నుంచి చిన్నాయన వారానికి ఇంటికొచ్చాడు. ఎడమ చెంప మీద తెల్లమచ్చలు మిగిలాయి. ఆ కన్నుకు చూపు మసక. వచ్చిన రోజే పెరట్లో అన్నదమ్ములిద్దరికీ మాటలు పడ్డాయి.

"మొగం కాలతాండాదని సైగ చేస్తే పాడమంటివి. ఈ పండగేమి నీదా? నీ పేరు పోతాదనా?"

"మధ్యలో దిగితే ఆ ఆడోళ్ళ గతేంది? నేనేమన్నా కావాలని పూసినానా? శెట్టి కల్తీ సరుకిచ్చినాడు."

"శెట్టి ఇచ్చినాడు సరే. పాడమనింది శెట్టేనా?"

నెల తిరగకుండానే చిన్నాయన, చిన్నమ్మ మూటలు కట్టుకుని శాంతిపురం దగ్గర చిన్నమ్మ వాళ్ళ ఊరికి వెళ్ళిపోయారు. అక్కడ గ్రానైటు రాళ్ళు కోసే చోట పనికి కుదిరాడని తెలిసింది.

శెట్టిని నిలదీయడానికి మదనపల్లెకు నాయన నన్నూ తీసుకునే పోయాడు. ఎందుకు తీసుకుపోయాడో తెలియదు, అలవాటు కొద్దీ అయ్యుండాలి. పెద్దాయన ఎప్పటిలా కలకండ ఇచ్చాడు. నేను నోట్లో వేసుకున్నాను. నాయన సంచిలోంచి డబ్బా తీసి గల్లాపెట్టె మీద బోర్లించాడు.

"మనిషి పైనుంచి పడి సచ్చుండును. ఇందులో ఏం కలిపినారో చెప్పండి" అన్నాడు. అంగట్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

పెద్దాయన ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి, నాలిక్కి తాకించి చూశాడు. "ఇది సున్నం గదప్పా. మా అంగట్లో ఇట్లాంటి పని జరగదు" అన్నాడు. అంటూనే తల తిప్పి వెనకగది వైపు చూశాడు. గుమ్మంలో కొడుకు నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దాయన ముందు చూపు తిప్పుకున్నాడు. నా నోట్లో కలకండ కరుగుతూనే ఉంది. ఉమ్మేయాలనిపించింది, కానీ మింగాను.

తర్వాత ఐదేళ్ళు గడిచాయి. నాయన సరుకు వేరేచోట కొన్నాడు. పండగలకు చిన్నాయన రాలేదు. అవ్వ ఆరు నెలలు మా దగ్గర, ఆరు నెలలు శాంతిపురంలో ఉండేది. వచ్చినప్పుడల్లా చిన్నాయన పంపిన చింతపండు, అలసందలు మూటగట్టి తెచ్చేది. నాయన అవి తినేవాడు, ఎవరు పంపారని అడిగేవాడు కాదు. నాకు మాత్రం రాత్రుళ్ళు నిద్ర పట్టేది. అది చెప్పకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. పిల్లలు దేన్నైనా కప్పేసి దాని మీదే ఆడుకోగలరు.

తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషుకు ట్యూషన్‌లో చేర్పించారు. సారు సాయబులు. వాళ్ళది పరుపులు కుట్టే ఇల్లు. ముందు గదిలో వాళ్ళ అన్న దూది ఏకుతుంటే, పక్క గదిలో చాపల మీద మేము పదిమందిమి. గాల్లో దూది తేలుతూ వచ్చి పుస్తకాల మీద, జడల మీద వాలేది. బ్లాక్‌బోర్డు బదులు తలుపుకు నల్లరంగు వేసుంది. ఆ రంగు వేసింది మా నాయనే. వారానికొక మాట చెప్పేవాడు సారు. చిన్న మాటలే, వెనక అప్, ఆఫ్, ఔట్ లాంటివి తగిలించి ఉండేవి.

ఒక వారం తలుపు మీద 'మేకప్' అని రాశాడు. నేను చెయ్యెత్తి, "మొగానికి రంగు వేసేది సార్" అన్నాను. అది చెప్పే హక్కు నాకే ఉందనుకున్నాను.

"అది ఒకటేనమ్మా. ఇంకా ఉండాయి" అన్నాడు సారు. "స్కూలుకు లేటుగా వస్తివి. యాల లేటు అంటే అవ్వకు జరమొచ్చింది సార్ అంటివి. అవ్వేమో ఇంట్లో సక్కంగా ఉండాది. ఆ కథ అల్లినావు సూడు, అదీ మేకప్పే."

అందరూ నవ్వారు.

"పాలు లీటరుకు తక్కువుండాయి. పాలాయన ఏం చేస్తాడు? చెంబుడు నీళ్ళు పోసి లీటరు చేస్తాడు. తక్కువైంది నింపినాడు గదా, అదీ మేకప్పే."

మళ్ళీ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. గోనె, చిప్ప, డబ్బా అంచు, పైన చదును చేసిన నా వేలు, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. ఆ పనికి ఒక పేరుందని, అది మా ఇంటి పెట్టె మీద ఉన్న పేరేనని అంతవరకు నాకు తెలియదు.

"ఇద్దురు కొట్లాడుకున్యారు. మాటల్లేవు. మళ్ళా కలిసినారు. అదీ ఇదే మాట" అన్నాడు సారు తలుపు తుడుస్తూ. "రేపటికి ఐదు వాక్యాలు రాసుకోని రాండి."

ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే కూర్చుని రాశాను. మొదటి రెండు వాక్యాలు పాలవాడి మీద, లేటుగా వచ్చిన పిల్లవాడి మీద. మూడోది, 'నేను పొడి డబ్బాను సున్నంతో మేకప్ చేశాను' అని. సున్నానికి ఇంగ్లీషు తెలియక ఇంగ్లీషు అక్షరాల్లో సున్నం అనే రాశాను. నాలుగోది, 'మా చిన్నాయన మొగం కాలింది' అని. అందులో ఆ మాటే లేదు. ఐదోది, 'మా నాయన, మా చిన్నాయన మేకప్ చేసుకోలేదు' అని రాసి పుస్తకం మూశాను.

మర్నాడు సారు పుస్తకాలన్నీ దిద్ది పంచాడు. నాది ఇవ్వలేదు. అందరూ వెళ్ళాక పిలిచాడు. ముందు గదిలో దూది ఏకే విల్లు చప్పుడు ఆగింది. సారు భార్య గ్లాసులో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టి లోపలికి పోయింది.

"సున్నాన్ని లైమ్ అంటారు. పైన రాసినా సూసుకో" అన్నాడు సారు. పుస్తకం నా చేతికిచ్చాడు. మూడో వాక్యం మీద ఎర్రసిరాతో ఆ ఒక్క మాట ఉంది. నాలుగోదానికి ఏమీ దిద్దలేదు.

"ఇది జరిగిందా, నువ్వు అల్లినావా?"

"జరిగింది సార్."

"మీ నాయనకు ఇంగ్లీషు వస్తాదా?"

"రాదు సార్. అక్షరాలు రాస్తాడు గానీ చదవడం రాదు."

"అందుకే ఇంగ్లీషులో రాసినావా?"

నేను తలూపాను. అప్పుడు ఏడుపొచ్చింది. ఐదేళ్ళలో అదే మొదటిసారి.

సారు ఏడవనిచ్చాడు. తర్వాత, "నేను చదివితే ఏమొస్తాదమ్మా? చదవాల్సినోళ్ళు ఇంకొకరుండారు. నన్ను రమ్మంటావా మీ ఇంటికి?" అన్నాడు.

"వద్దు సార్. నేనే చెప్తాను."

నాయన మరునాడు పొద్దున్నే వీధివసారాలో ఒక రేకు మీద హోటలు పేరు రాస్తున్నాడు. సుద్దతో గీసుకున్న అక్షరాల్లో ఎరుపు నింపుతున్నాడు. నేను పక్కన గొంతుకూర్చుని, నేలను చూస్తూ, అంతా చెప్పాను. కుంచె ఆగింది. ఒక చుక్క జారి రేకు మీద పడింది.

"ఎంత పోసినావు?"

"రెండు చిప్పలు."

"యాల?"

"తక్కువైందని."

నాయన గుడ్డతో ఆ చుక్క తుడిచాడు. సగంలో ఉన్న అక్షరం పూర్తిచేశాడు. నన్ను కొడతాడేమోనని కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిస్తే కుంచె కడుగుతున్నాడు. ఆ పూట అన్నం తినలేదు. అమ్మ "తొమ్మిదేండ్ల బిడ్డ చేసిన పనికి ఇప్పుడేంది?" అని ఏదో సర్దబోయింది. సాయంత్రం నాయన నా దగ్గరకొచ్చి, "రేపు బడికి పోవద్దు. మదనపల్లెకు పోతాం" అన్నాడు.

"చిన్నాయన దగ్గిరికి కాదా?"

"వానికి నా మీద కోపం ఉండాది. అది ఉండేదే. ఆ పెద్దాయన ఏమి చేసినాడు?"

అంగట్లో మార్పు కనిపించింది. పెద్దాయనకు చూపు తగ్గి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గల్లాపెట్టె దగ్గర ఒక మనవడు. కొడుకు మాత్రం బయట గోనెల దగ్గర, వచ్చిన సరుకు దించుకునే కూలీలతో ఉన్నాడు. ఆయన మొలతాడుకు తాళంచెవి లేదు. అది పెద్దాయన మెడలో దారానికి వేలాడుతూ ఉంది.

నాయన చెప్పులు విడిచి ఆయన ముందు నేల మీద కూర్చున్నాడు. తానెవరో చెప్పాడు. "ఆ పొద్దు నోటికొచ్చింది అని పోయినాను. మీ సరుకులో తప్పు ల్యా సామీ. నా బిడ్డ ఆటల్లో సున్నం పోసింది. నిన్న చెప్పింది" అన్నాడు. నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను.

పెద్దాయన ముందుకు వంగాడు. చేత్తో తడిమి నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"నీ మాట నేను నమ్మితినప్పా. అదే జరిగిన తప్పు. నా సరుకు నాకు తెలుసు. అయినా ఇంట్లోనే ఎవరో చేసుంటారనుకుంటి. వాడు వెనకగదిలో ఒక్కడే ఉండేవాడు గదా. నేను అడగలా. అడగకుండా తాళం తీసుకుంటి. వాడూ ఏమీ అడగలా."

అని గట్టిగా కొడుకును పిలిచాడు. కొడుకు తలగుడ్డ విప్పుకుంటూ లోపలికొచ్చాడు. పెద్దాయన మెడలోంచి దారం తీసి, గాల్లోకి చాపాడు. "ఇది నువ్వే పెట్టుకో నాయనా" అన్నాడు. కొడుకు తీసుకున్నాడు. మా నాయన వైపు ఒకసారి చూసి మళ్ళీ బయటికి పోయాడు. కూలీ ఒకడు గోనె మోస్తూ గుమ్మంలో ఆగిపోతే వాడికి దారి ఇచ్చాడు.

ఆ వారంలోనే శాంతిపురం పోయాము. చిన్నాయన రాతిపొడితో తెల్లగా ఇంటికొచ్చేసరికి మేము అరుగు మీద ఉన్నాము. చూసి ఆగాడు. తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఈసారి నేనే చెప్పాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "బిడ్డవి, ఆడుకున్న్యావు. దానికేమ్మా" అన్నాడు. ఆ మాటతో అంతా తీరిపోయిందనుకున్నాను. తీరలేదు.

"పొడి సంగతి నేనెప్పుడో ఇడిసిపెడితి అన్నా" అన్నాడు నాయనతో. "నాకు గుచ్చుకునింది అది కాదు. పై నుంచి నేను నిన్ను చూసినాను. నువ్వు నన్ను చూళ్ళేదు."

నాయన తల వంచుకున్నాడు. "జనాన్ని చూస్తా ఉంటి" అన్నాడు. "కుర్చీల్లో ఉండేటోళ్ళు లేస్తాండారే అని చూస్తా ఉంటి. నీ మొగానికి రంగేసిన చేత్తోనే పాడమని చెప్తి. తప్పేరా."

చిన్నమ్మ సంగటి, పప్పు పెట్టింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. మాటలు పెద్దగా లేవు, చెనక్కాయ పంట గురించి, బోరుబావి గురించి రెండు మూడు మాటలు. బస్సు దగ్గరికి మాత్రం చిన్నాయన వచ్చాడు.

ఆయన మళ్ళీ మాను ఎక్కలేదు. ఆ మరుసటి ఏడు ఒక భారతానికి వచ్చి, నాయన పక్కన మాను మొదట్లో కూర్చున్నాడు. కొత్తగా అర్జునుడి వేషం కట్టిన కుర్రవాడు సగం ఎక్కాక పద్యం మరిచిపోయి, కళ్ళు తిరుగుతున్నాయని చెయ్యి ఊపాడు. జనం గోల మొదలైంది. నాయన లేచి, రెండు చేతులూ కిందికి ఊపుతూ, దిగు దిగు అని అరిచాడు. కుర్రవాడు దిగాడు. పెద్దమనుషులు నాయనను నిలబెట్టి చివాట్లు పెట్టారు. ఆ ఊరి వాళ్ళు మళ్ళీ ఆయనను పిలవలేదు. ఇంటికొచ్చే దారిలో బస్సులో అన్నదమ్ములిద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. చిన్నాయన ఉడకేసిన చెనక్కాయలు కొని, వలిచి వలిచి నాయన చేతిలో పోస్తూ వచ్చాడు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఊళ్ళల్లో భారతాలు ఇంకా జరుగుతున్నాయి కానీ వేషాలకు రంగులు పట్నం నుంచి ట్యూబుల్లో వస్తున్నాయి. వెనక్కి చూస్తే వాళ్ళిద్దరి విషయంలో నాకు బాధ పెద్దగా లేదు. వాళ్ళ తగాదా వాళ్ళది, దాన్ని వాళ్ళే తీర్చుకున్నారు. నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మదనపల్లె అంగడి కొడుకు. ఆయనకు ఎవరితోనూ తగాదా లేదు. నేను ఊరికే ఉన్నందుకు ఐదేళ్ళు బయట గోనెల దగ్గర నిలబడ్డాడు.

నేను డిగ్రీకి మదనపల్లెలోనే చేరాను. రోజూ బస్సులో వచ్చి పోయేదాన్ని. రెండేళ్ళపాటు ఆ అంగడి వీధి వదిలి వేరే వీధిలో బస్టాండుకు నడిచాను. మూడో ఏడు ఒక సాయంత్రం ధైర్యం చేసి అంగట్లోకి పోయాను. పెద్దాయన ఫోటోకు దండ వేసి ఉంది. గల్లాపెట్టె దగ్గర కొడుకే ఉన్నాడు, జుట్టు నెరిసి, కళ్ళద్దాలతో. సాంబ్రాణి పొట్లం ఒకటి అడిగాను. కట్టి ఇచ్చాడు.

"నేను పుంగనూరు బోర్డులాయన కూతుర్ని. అప్పట్లో మా వల్ల ఒక పొరపాటు జరిగింది" అన్నాను.

"ఆ, గుర్తుండాది. మీ నాయన వచ్చి చెప్పినాడు గదా. బాగుండాడా?" అన్నాడు.

బాగున్నాడని చెప్పి బయటికొచ్చాను. బస్టాండులో మా బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాక, నేనన్న మాట మళ్ళీ నాకు వినిపించింది. మా వల్ల, అన్నాను. జరిగింది, అన్నాను. కాలు దించి వెనక్కి నడిచాను.

ఆయన తలుపు చెక్కలు ఒక్కొక్కటే వేస్తున్నాడు.

"ఆ డబ్బాలో సున్నం కలిపింది నేను" అన్నాను. "మా నాయన మీ అంగట్లో గొడవ చేసిన పొద్దు నేను ఈడనే ఉన్నాను. మీరు కాదని నాకు తెలుసు. మీ నాయన మీ వైపు చూసింది కూడా చూసినాను. చూసి చెప్పలేదు. తప్పు నాది."

ఆయన చేతిలో ఉన్న చెక్కను గోడకు ఆనించాడు. కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత లోపలికి తిరిగి భార్యను పిలిచాడు.

"ఇట్ల రా, ఒక నిమిషం. ఆ సున్నం సంగతి ఈ పాప చెప్తాండాది, నువ్వూ విను."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మళ్ళొకసారి చెప్పమ్మా" అన్నాడు ఆయన.

నేను ఆమె మొగం చూస్తూ, మొదటి నుంచీ చెప్పాను.